సుభాషిణత్త అరుగు దాకా

మార్చి 14, 2021, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాయడానికి కారణం భద్రత. అమ్మకు తీరిక లేదు, బాపుకు కళ్ళజోడు లేదు, బాపమ్మకు చదువు లేదు. స్కూల్లో నా గుజరాతీ ఫ్రెండ్స్‌కి తెలుగు అక్షరాలు ముగ్గుల్లా కనిపిస్తాయి. ప్రమాదమంతా దశరథం మామ ఒక్కడితోనే. పాత తెలుగు బడి మాస్టారు, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. అదృష్టం, ఆయన కింద ఇంట్లో ఉంటాడు, మోకాళ్ళ నొప్పులు, మూడో అంతస్తుకి ఎక్కలేడు.

ఇవాళ చూడకూడనిది చూశాను. రాయను.

మార్చి 15

రాస్తాను. లేకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

బాపు సుభాషిణత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

రాస్తే ఏమీ లేనట్టే ఉంది. కానీ చూస్తే ఉంది. బాపు బట్ట నేసే సాంచెల కార్ఖానాకు వెళ్ళే దారి మధ్యలో ఆమె ఇల్లు. రోజంతా అరుగు మీద కూర్చుని జాకెట్లకు పూసలు కుడుతుంది. భర్తకు ఊరి బయట కడోదరాలో ఒక మిల్లులో పని, వారానికోసారి వస్తాడు. ఆమె స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. బాపు తాగాడు. తాగి నవ్వాడు. పోయినేడాది లాక్‌డౌన్ తర్వాత బాపు మా ఇంట్లో నవ్వడం నేను చూడలేదు.

నేను వెంబడించలేదు. పెరుగు కోసం వెళ్ళాను. పెరుగు దుకాణం అటువైపు లేదు, అది వేరే విషయం.

ఆమె బాపును "అన్నా" అంటుంది. బాపు ఆమెను "చెల్లె" అంటాడు. నా అనుమానం ఇక్కడే ఎక్కువైంది. మనసులో ఏమీ లేనివాళ్ళు వీధి చివరిదాకా వినపడేలా అన్నా, చెల్లె అని ఎందుకు అరుచుకుంటారు?

మార్చి 17

మళ్ళీ కూర్చున్నాడు. అదే అరుగు, అదే గ్లాసు.

పెరుగుకు వెళ్ళినప్పుడు చూశాను.

మార్చి 19

టెన్త్ పరీక్షలకు చదవాలి. చదవలేదు. బాపు వెళ్ళిపోతే మా గతేంటి అని ఆలోచించాను. అమ్మ చీరల మడత పనికి మార్కెట్‌కు వెళ్తుంది. నేను చదువు మానేస్తాను. బాపమ్మ నాతో రొట్టెలు చేయిస్తుంది, ప్రతి రొట్టెకూ వంక పెడుతుంది. అక్కడిదాకా వచ్చేసరికి ఏడుపొచ్చింది. అమ్మ అడిగితే మ్యాథ్స్ అని చెప్పాను. నమ్మింది. నా మ్యాథ్స్ గురించి అందరికీ తెలుసు.

మార్చి 22

ఇవాళ ఇంకో ఆధారం దొరికింది.

మా బిల్డింగ్‌లో మగవాళ్ళంతా డ్యూటీ నుంచి రాగానే నేల మీద పడుకుని రెండు కాళ్ళూ గోడకు ఎత్తి పెడతారు. పన్నెండు గంటలు సాంచెల మధ్య నిలబడితే రక్తమంతా కిందికి దిగుతుంది కాబట్టి దాన్ని వెనక్కి పంపాలట. సాయంత్రం ఏ ఇంట్లోకి తొంగి చూసినా తల కింద, కాళ్ళు పైన. గోడల మీద మడమల మరకలు జంటలు జంటలుగా ఉంటాయి.

మా గోడకు దీపావళికి సున్నం వేశారు. తర్వాత పడ్డ మరక ఒక్కటే. కుడి మడమది. బాపు మంచం మీద పడుకుని కుడికాలు మాత్రమే పైకి పెడుతున్నాడు. ఎడమకాలు కిందికి వేలాడేసుకుంటున్నాడు.

బాపమ్మ కూడా చూసింది.

"ఏందిరా నరహరీ, ఒక్క కాలుకే జీతమిస్తున్నడా మీ సేఠు? రెండూ ఎత్తు!"

"అది మంచిగనే ఉన్నదే అవ్వా."

"మంచిగుంటే ఎత్తు మరి!"

"నీ కాళ్ళు నువ్వెత్తుకో పోయే."

నాకు అర్థమైంది. ఏ క్షణమైనా లేచి సుభాషిణత్త ఇంటికి పోవడానికి ఒక కాలు రెడీగా పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 3

ప్లాన్ వేశాను. ఆ సందులో కరోనా వచ్చిందనీ, మున్సిపాలిటీ వాళ్ళు అడ్డంగా వెదురు కట్టారనీ బాపుకు చెప్పాను. అబద్ధం. బాపు నమ్మి పక్క సందులోంచి వెళ్ళాడు. నేను పెరుగు గిన్నె పట్టుకుని వెనకాలే.

సుభాషిణత్త లేదు. అరుగు లేదు. నేను గెలిచాను అనుకునేలోపు బాపు ఆగాడు.

పెళ్ళికొడుకుల షేర్వానీలు అద్దెకిచ్చే దుకాణం ముందు. అద్దంలో ఒక మెరూన్ షేర్వానీ, దానికి బంగారు రంగు తలపాగా. దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఒక చెయ్యి ఎడమ పిక్క మీద వేసుకున్నాడు. తర్వాత ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు.

దేవుడా. పెళ్ళిదాకా వచ్చింది.

ఏప్రిల్ 4

బాపుకు మెరూన్ నప్పదు. ఎవరైనా చెప్పాలి.

ఏప్రిల్ 12

అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ అడిగింది. "మీ బాపు ఈ నడుమ ఇంత లేటు ఎందుకొస్తున్నడే?"

"నాకేం తెలుసు?"

అమ్మ ఒక రాయి తీసి కిటికీలోంచి విసిరింది. చిన్న రాయే. కానీ విసిరిన విధానం బాగాలేదు.

ఏప్రిల్ 29

అన్నీ బంద్. మార్కెట్ బంద్, దుకాణాలు బంద్. సాంచెలు ఒక్క షిఫ్టే నడుస్తున్నాయి. బయట నుంచి అంబులెన్సుల మోత. బిల్డింగ్ అంతా కలిసి ఒక ఆక్సీమీటర్ కొన్నారు. అది దశరథం మామ దగ్గర ఎర్రగుడ్డలో చుట్టి, దేవుడి గూట్లో ఉంది. వేలు పెట్టే ముందు చేతులు కడుక్కోవాలి, పెట్టాక దండం పెట్టుకోవాలి. రెండోది రూల్ కాదు గానీ అందరూ పెడుతున్నారు.

మే 2

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

బాపు పక్క సందులోంచే వెళ్ళాడు. షేర్వానీ దుకాణం ముందు ఆగాడు. కానీ ఇప్పుడు షేర్వానీ లేదు, అద్దం లేదు. షట్టర్ వేసి తాళం పెట్టి ఉంది. బాపు షట్టర్‌ను చూస్తున్నాడు. చిలుము పట్టిన షట్టర్‌ను, పెళ్ళిచూపుల్లో చూసినట్టు.

ఎవరో అటుగా వచ్చారు. బాపు గబుక్కున చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "హలో, ఆ, చెప్పు చెప్పు" అన్నాడు.

బాపు ఫోన్ నా దగ్గరుంది. మా ఇంట్లో ఉన్నది అదొక్కటే. నా రివిజన్ క్లాస్ దాంట్లోనే నడుస్తోంది, మ్యూట్‌లో, నా చున్నీ కింద. బాపు చెవికి పెట్టుకున్నది అగ్గిపెట్టె.

అప్పుడే పోలీసాయన బైక్ మీద వచ్చాడు. "ఏ కాకా! ఊభా నహీ రహనే కా! చలో, ఘర్ జావ్!" ఇక్కడ నిలబడొద్దు, ఇంటికి పొమ్మని.

మా బాపుకు పోలీసులంటే ఎంత భయమంటే, టీవీలో పోలీసు జీపు కనిపించినా కాళ్ళు ముడుచుకుంటాడు. అలాంటి బాపు కదల్లేదు. పోలీసాయన లాఠీతో షట్టర్ మీద కొట్టాడు. వీధంతా టపాకాయ పేలినట్టు మోగింది. బాపు ఇంకా కదల్లేదు. నవ్వుతూ, "దో మినిట్ సాబ్, దో మినిట్" అంటున్నాడు. నవ్వుతున్న మొహం నిండా చెమట. చెయ్యి ఎడమ పిక్కను పిసుకుతోంది.

అది ప్రేమలో ఉన్నవాడి మొహం కాదు. నాకెప్పుడూ ప్రేమ రాలేదు గానీ ఆ మాత్రం తెలుస్తుంది.

పరుగెత్తాను. "సాబ్, మేరే పప్పా హై! పాఁవ్ మే దర్ద్ హై!" మా నాన్న, కాలు నొప్పి అన్నాను.

పోలీసాయన మా ఇద్దర్నీ, నా పెరుగు గిన్నెనూ చూసి, జల్దీ వెళ్ళండని బైక్ తిప్పుకున్నాడు.

బాపు నన్ను చూసి మొదట అన్న మాట: "నువ్వు క్లాసుల లేవా?"

"నువ్వు ఫోన్‌లో లేవా?" అన్నాను.

అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. "ఇటెటు పోతున్నవ్?"

"పెరుగుకు."

"పెరుగు దుకాన్ ఇటెక్కడిదే?"

ఇద్దరం షట్టర్ వైపు తిరిగాం. అప్పుడు బాపు చెప్పాడు.

"పిక్క పట్టుకుంటది బిడ్డా. లోపల్నించి ఎవడో పిండినట్లయితది. జర నిలవడితే పోతది. మళ్ళ నడుస్త, మళ్ళ పట్టుకుంటది. సాంచెల కాడ ఉత్తగ నిలవడితే ఏం గాదు, నడిస్తెనే."

"ఎప్పటిసంది?"

"దీపావళిసంది. మొదలు చౌక్ దాంక పోయేది. ఇప్పుడు గింత దూరమే. ఉత్తగ నడిరోడ్డు మీద నిలవడితే మంది అడుగుతరు గదా, అందుకే ఏదన్న దుకాన్ చూస్తున్నట్లు నిలవడ్త."

"మరి సుభాషిణత్త?"

"ఆమె అరుగు మంచి జాగల ఉన్నది. నొప్పి కరెక్టుగ ఆడికే వస్తది. పాపం, నీళ్ళిస్తది."

"మరి షేర్వానీ?"

"ఏ షేర్వానీ?"

ఇంట్లో చెప్పొద్దన్నాడు. సేఠ్‌కు తెలిస్తే బీమారోడని సాంచెలు ఇంకొకరికిస్తాడట. ఒట్టేశాను.

మే 3

బాపుకు ప్రేమ లేదు! కాలు నొప్పి మాత్రమే! మేడ మీద ఒంటరిగా గర్బా ఆడాను.

సాయంత్రం

ఒట్టులో సగమే తప్పాను. బాపమ్మకు బాపు కాలు నొస్తోందని మాత్రం చెప్పాను. అంతే, బాపమ్మ రంగంలోకి దిగింది. ఎడమ పిక్కకు కార్ఖానా వేస్టు దారం వరసలు వరసలుగా బిగించి కట్టింది. "సాంచెల కాలురా ఇది. నీ తండ్రికి గిట్లనే కట్టిన" అంటూ రెండు కాళ్ళూ గోడకెత్తి, కదలకుండా పక్కన కూర్చుంది.

నేను అరికాళ్ళ వైపు కూర్చున్నాను కాబట్టి నాకు కనిపించింది. కుడి పాదం మనిషి రంగులో ఉంది. ఎడమ పాదం సున్నం రంగులోకి మారుతోంది. గోడేదో పాదమేదో తెలియనంతగా. బాపు ఇక ఓర్చుకోలేక కాలు కిందికి లాక్కుని మంచం మీంచి వేలాడేశాడు. కాసేపటికి అదే పాదం టమాటా రంగు అయింది.

ముట్టుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా ఉంది. కుడి పాదం వెచ్చగా ఉంది. కుడి కాలు నిండా వెంట్రుకలు, ఎడమ పిక్క కింద నున్నగా. చిటికెన వేలికి చెప్పు కరిచిన పుండు. హోలీకి ముందు కరిచిందట. ఇంకా పచ్చిగా ఉంది.

దారం విప్పేశాను. బాపమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, వాటిలో కొన్నిటికి స్పెల్లింగ్ తెలియదు.

మే 4

గూగుల్‌లో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మే 5

అంత ఏం ఉండదు. చెప్పు కరిస్తే అందరికీ పుండవుతుంది. అందరికీ.

మే 6

దశరథం మామ దగ్గరికి వెళ్ళి ఆక్సీమీటర్ అడిగాను.

"ఎవలికొచ్చింది జరం?" మామ రెండడుగులు వెనక్కి వేసి మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. జ్వరం అని చెప్తే సాయంత్రం నుంచి బిల్డింగ్‌లో ఒక్కరూ మా మెట్ల వైపు రారు.

"ఎవరికీ లేదు మామా. సైన్స్ ప్రాక్టికల్."

"పరీక్షలే లేవంటున్నరు, ప్రాక్టికల్ ఏందే?"

"ఆన్‌లైన్‌ది."

మామ బడిలో కూడా ఇలాగే చూసేవాడు. కానీ ఇచ్చాడు.

మధ్యాహ్నం బాపు నిద్రపోయాక కుడికాలి బొటనవేలికి పెట్టాను. తొంభై ఏడు. ఎడమకాలి బొటనవేలికి పెట్టాను. రెండు గీతలు. అంకె లేదు. బ్యాటరీ అయిపోయిందేమో అని బాపమ్మ బొటనవేలికి పెట్టాను. తొంభై ఆరు చూపించింది, అదే సమయంలో బాపమ్మ లేచి "ఎలుక! ఎలుక!" అని అరిచి కాలు విదిలించింది. ఆక్సీమీటర్ ఎగిరి పప్పు గిన్నెలో పడింది.

తుడిచాను. బాపు పాదాన్ని దుప్పట్లో చుట్టి వెచ్చబెట్టి మళ్ళీ పెట్టాను. గీతలే. బాపు లేచి కూర్చుని ఆ రెండు గీతల్ని చూస్తున్నాడు. గుమ్మంలో అమ్మ.

"ఏం చేస్తున్నవే బాపు కాలుకు?"

ఇక ఆపుకోలేకపోయాను. పిక్క, షట్టర్, అగ్గిపెట్టె, అరుగు, అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి వరస తప్పింది. అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"అంటే, సుభాషిణి కాడ కూసునేది గందుకేనా?"

"నీకు తెలుసా?"

"పచ్చడిచ్చే సాకుతోని రెండుసార్లు పోయి చూసొచ్చిన." అమ్మ బాపు వైపు తిరిగింది. "పచ్చడి మొత్తం ఆమెకే పాయె!"

బాపు నోరు తెరిచి మా ఇద్దరి వైపు చూశాడు. "ఏందే మీరు! నా గురించి గట్ల అనుకున్నరా?" కోపంగానే అన్నాడు. కానీ కొంచెం సంతోషం కూడా కనిపించింది.

మే 8

పెద్ద ఆసుపత్రులన్నీ కరోనాతో నిండిపోయాయి. పర్వత్ పాటియా ఏరియాలో చిన్న క్లినిక్, డాక్టరమ్మ ప్లాస్టిక్ కోటు లోపల ఉడికిపోతోంది. బాపు పాదం మీద రెండు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది, లోపల ఎవరో చాటుగా మాట్లాడుతుంటే వింటున్నట్టు. కుడికాలికి వెంటనే తల ఊపింది. ఎడమకాలికి వేళ్ళు అక్కడా ఇక్కడా జరుపుతూనే ఉంది. తర్వాత చేతికి కట్టే బీపీ పట్టా చీలమండకు కట్టింది.

"ఆగకుండా ఎంత దూరం నడుస్తారు?" అని హిందీలో అడిగింది.

"సుభాషిణి బహెన్ కే ఓట్లే తక్" అన్నాడు బాపు. ఓట్లా అంటే అరుగు.

"సుభాషిణి ఎవరు?"

"అది పెద్ద కథ మేడం" అంది అమ్మ.

కాలికి రక్తం తీసుకెళ్ళే గొట్టం సన్నబడిందట. నడిస్తే కండకు ఎక్కువ రక్తం కావాలి, అది అందక పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. మిగతా సాంచెలవాళ్ళకు రక్తం పైకి ఎక్కడం కష్టం, వాళ్ళు కాళ్ళు గోడకు పెట్టుకుంటే హాయి. బాపుకు రక్తం కిందికి రావడమే కష్టం, గోడకు పెడితే ఆ వచ్చేది కూడా రాదు. దారం కట్టడం అస్సలు వద్దు. దీన్ని విండో షాపింగ్ జబ్బు అని కూడా అంటారట, నొప్పి దాచుకోవడానికి మనుషులు దుకాణాల ముందు ఆగుతారు కాబట్టి.

"నేనేం కొనలే మేడం" అన్నాడు బాపు.

"అదే నా బాధ" అంది అమ్మ.

బీడీ పూర్తిగా బంద్. మాత్రలు. పుండుకు రోజూ కట్టు. రోజూ నడవాలి, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలి. పెద్ద స్కాన్‌కు చీటీ రాసింది. పడుకున్నప్పుడు కూడా నొప్పి మొదలైనా, వేలు నల్లబడినా ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మంది. ఆక్సీమీటర్ కాళ్ళకు పెట్టే యంత్రం కాదని నాకు చెప్పి, అయినా తీసుకొచ్చి మంచి పని చేశావంది.

చివర్లో నర్సుతో ఇంగ్లిష్‌లో మాట్లాడింది. పుండు మానకపోతే ముందు వేలు, తర్వాత పాదం తీసేయాల్సి రావచ్చని. అమ్మకూ బాపుకూ అర్థం కాకుండా ఉండాలని ఇంగ్లిష్‌లో చెప్పింది.

నాకు అర్థమైంది. నన్ను ఇంగ్లిష్ మీడియంలో ఎందుకు వేశారు?

మే 9

ఎవరికీ చెప్పలేదు.

మే 11

బాపమ్మ గోడ వైపు చూడటం మానేసింది. నిన్న బాపు పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. "నీ తండ్రికి గూడ గట్టిగ కడ్తి గదరా" అంది. బాపు టీవీ సౌండ్ పెంచాడు.

మే 14

టెన్త్ అందరికీ మాస్ ప్రమోషన్. బిల్డింగ్‌లో బాపమ్మ చక్కెర పంచింది. "రాయకుంటనే పాసైంది మా ప్రసన్న" అని గర్వంగా చెప్తోంది. దశరథం మామ మాత్రం "ప్రాక్టికల్ల ఎన్నొచ్చినయే?" అన్నాడు. ఆక్సీమీటర్‌కు పప్పు వాసన వస్తోందట.

మే 19

స్కాన్ అయింది. తొడ దగ్గర గొట్టం సగానికి పైగా మూసుకుపోయిందట. ఇప్పుడే కోత వద్దు, మాత్రలతోనూ నడకతోనూ చూద్దామన్నారు. పుండు గురించి అడిగారు. నేను ఎవరి మొహమూ చూడలేక డస్ట్‌బిన్ వైపు చూశాను.

మే 21

బియ్యం డబ్బాలో బీడీ కట్ట దొరికింది. అమ్మ మూడో అంతస్తు నుంచి విసిరేసింది. అది దశరథం మామ నెత్తి మీద పడింది. "ఇవి ఎవలివి?" అని కింద నుంచి అరిచాడు. బాపు కూడా కిటికీ దగ్గరికొచ్చి "ఎవలియో ఏమో, ఏం మనుషులో!" అన్నాడు.

మే 25

బాపే సేఠ్‌కు చెప్పేశాడు. బాపు నడిపే ఎనిమిది సాంచెల్లో సేఠ్ రెండు తీసేశాడట. ఆరు ఉన్నాయి. అమ్మ బాపు పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

మే 30

పుండు అంచు ఎండినట్టుంది.

జూన్ 1

లేదు, తడిగానే ఉంది.

జూన్ 7

ఎండింది. కట్టు మార్చేటప్పుడు మూడుసార్లు చూశాను. కింద గులాబి రంగు కొత్త చర్మం. అప్పుడు అమ్మకు చెప్పాను, ఆ రోజు డాక్టరమ్మ నర్సుతో ఇంగ్లిష్‌లో ఏమందో. అమ్మ నా నెత్తి మీద ఒకటి మొట్టి, తర్వాత నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జూన్ 20, ఆదివారం

దుకాణాలు తెరిచారు. అమ్మా బాపూ రోజూ నడకకు వెళ్తున్నారు. నేను వెంబడించలేదు, పెరుగుకు వెళ్ళాను.

సుభాషిణత్త దూరం నుంచే చూసి గ్లాసులో నీళ్ళు పట్టుకుని అరుగు మీద నిలబడింది. బాపు అరుగు దాకా వచ్చాడు. బాపు ఆగలేదు.

"ఓ అన్నా! ఏందే, ఆగుతలేవు? నా మీద కోపమొచ్చిందా? వదినె ఏమన్న అన్నదా?"

"నేనేమనలే సుభాషిణీ! ఆయనకే ఇయ్యాల ఆగబుద్ధి అయితలేదు!" అమ్మ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

బాపు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగాలి కదా. మలుపు దాటి, అటు నుంచి తిరిగి పక్క సందులోకి వచ్చి, షేర్వానీ దుకాణం ముందు ఆగాడు. షట్టర్ తీసి ఉంది. మెరూన్‌ది ఇంకా అక్కడే ఉంది. అమ్మ దాన్ని, బాపును మార్చి మార్చి చూసి తల అడ్డంగా ఊపింది. నేను చెప్పాను కదా, నప్పదని.

నేను స్తంభం వెనక ఉన్నాను. బాపు అద్దంలోకి చూస్తూనే మెల్లగా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"హలో? ఆ, ప్రసన్నా! పెరుగు దుకాన్ ఇటు లేదు బిడ్డా."

ఈసారి చేతిలో అగ్గిపెట్టె లేదు. ఒట్టి చెయ్యి.